రేపు నా వంతు

మట్టిని అంత ప్రేమగా చూసే మనిషికి ఇంట్లో మనుషులు ఎందుకు కనబడరు? ఏడేళ్లుగా దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడల్లా ఆమె అడిగే మాట ఇదే.

ఆ పొద్దున దణ్ణం పూర్తికాకముందే భర్త విసురుగా లోపలికొచ్చాడు. ముప్పై కుటుంబాలు కలిసి మందులు లేకుండా పంటలు పండించుకునే ఆ ఊళ్ళో ఉమ్మడి తోట చూసేది ఆయనే. ఇళ్లల్లో వాడిన నీళ్లన్నీ కాలువ గుండా తోటకే పోతాయి. అందుకే కొట్లో దొరికే సబ్బుపొడి ఎవరూ వాడకూడదని నియమం పెట్టిందీ ఆయనే. ఇప్పుడు ఒక చేతిలో వాడిపోయిన చిక్కుడు మొక్కలు, రెండో చేతిలో సబ్బుపొడి పొట్లం.

“మన పెరట్లోనే, బకెట్ వెనకాల దొరికింది! విత్తనాలకని ఉంచిన మడంతా మాడిపోయింది. ఊరందరికీ నీతులు చెప్పేవాణ్ణి, మొహం ఎక్కడ పెట్టుకోను?”

“నేనే వాడాను.”

“బుద్ధుందా నీకు?”

“నా బుద్ధి సంగతి తర్వాత. మీ అమ్మగారి దుప్పట్లు రోజుకెన్ని తడుస్తాయో చెప్పండి.”

ఆయన లోపలి గది వైపు చూశాడు.

“నాలుగు! ఆవిడ మంచం పట్టి ఎనిమిది నెలలు. కుంకుడు రసానికి ఆ మరకలు పోతాయో లేదో ఒక్కనాడైనా చూశారా? చిక్కుడాకు మీద మచ్చ కనబడితే పరుగెత్తుతారు. ఇవి చూడండి!” ఆమె చేతులు చాపింది. వేళ్ల సందుల్లో చర్మం చీలి ఎర్రగా ఉంది.

“అడిగితే చేసేవాణ్ణిగా!”

“అడిగానండీ, ఏడేళ్ల కిందట ఈ ఊరికొచ్చిన మొదటి వారమే! ‘ఈ పూటకి నువ్వు ఉతుకు, రేపు నా వంతు’ అన్నారు. ఆ రేపు ఇంకా తెల్లారలేదు!”

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. “ఒరేయ్, ఆ పొడి తెప్పించమంది నేనేరా. దాని చేతులు చూడలేక. నీ మొక్కలకంటే ముందే వాడిపోయినదాన్ని, తిట్టాలంటే నన్ను తిట్టు.”

ఆయన మొక్కలు గుమ్మంలో పడేసి పెరట్లోకి వెళ్లాడు. కుంకుడు రసంలో నానేసి, ఎవరి మీద కోపమో తెలియకుండా దుప్పట్లను బండకేసి బాదాడు. గంట గడిచింది. చేతులు మండాయి.

“పోవడం లేదే,” అన్నాడు చివరికి, నీరసంగా.

“పోవు.”

ఆయన గడ్డపార తెచ్చి, కాలువకు దూరంగా గుంత తవ్వడం మొదలుపెట్టాడు. “దుప్పట్ల నీళ్లు ఇందులో పోద్దాం, పొడి వేసే ఉతుకుదాం. నియమం పెట్టేముందు నిన్ను అడగకపోవడం నా తప్పేనని సాయంత్రం అందరి ముందూ చెబుతాను.”

ఆమె కళ్లు తుడుచుకుంది. కోపం ఇంకా పోలేదు. అయినా, ఆయన పొడి వేసి మళ్లీ ఉతికి తీగ మీద వేసిన నాలుగు దుప్పట్లూ ధారగా కారుతుంటే ఊరుకోలేక, ఒకదాని కొస పట్టుకుంది.

“పిండడం కూడా రాదు. ఆ పక్క పట్టుకోండి.”

ఇద్దరూ చెరోవైపూ మెలిపెట్టారు.

“ఏడేళ్ల నాటి వంతు ఇవాళ్టికి తీరింది,” అంది ఆమె.