క్యాంపులో శత్రువు

"ఇక్కడ మీ ఏనుగుని పక్కకి జరిపితే నేను చచ్చేదాన్ని! మీకు కనపడలేదా, కనపడనట్టు నటించారా?"

అమ్మాయి అరుపు హాలంతా వినపడింది. మిగతా ఆటగాళ్ళు తలలెత్తి చూసి, మనకెందుకొచ్చిన గొడవ అన్నట్టు మళ్ళీ బోర్డుల్లో తలలు దూర్చారు.

ఎదుటి కుర్చీలో ఉన్నతన్ని జట్టంతా శత్రువు అని పిలుస్తుంది. పాపం, అది అతని ఉద్యోగం. విదేశంలో జరిగే చదరంగం పోటీలో దేశం జట్టుకి ఎదురయ్యే ఆటగాళ్ళ ఆటలన్నీ నమిలి మింగి, శిక్షణ క్యాంపులో అచ్చం వాళ్ళలాగే ఆడి చూపించాలి. ఒకరోజు కాలు ఊపుతూ విసిగించే ఛాంపియన్, మర్నాడు కన్నార్పకుండా గుచ్చి చూసే మొహం. "శత్రువూ, టీ తాగుతావా?" అంటే నవ్వుతూ చెయ్యి చాపే శత్రువుని ఇంకెక్కడ చూస్తాం?

"చెప్పండి. కనపడిందా లేదా?"

"కనపడింది," అన్నాడతను నేలచూపులు చూస్తూ.

"మరి?"

"మీ మొహం చూశాను. చెయ్యి రాలేదు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! కిందటి పోటీలో ఒక బంటు తక్కువైందని కంగారుపడి, నిలబెట్టుకోగలిగే ఆటని చేజేతులా వదిలేసుకుంది. డ్రా చేస్తే వచ్చే ఆ అర పాయింటు లేక జట్టు చేతికందిన పతకం జారిపోయింది. తిరుగు ప్రయాణంలో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా అంత బాధపడేది కాదు. ఈసారి జట్టులో ఆఖరిదైన నాలుగో బోర్డు ఆమెకివ్వాలా, రిజర్వులో కూర్చోబెట్టాలా అన్నది రేపు తేలుస్తానన్నారు కోచ్ మాస్టారు. పరీక్ష ఒక్కటే: ఒక బంటు తక్కువతో మొదలుపెట్టి, శత్రువుతో డ్రా చెయ్యాలి.

"అయితే ఈ వారమంతా నేను నిలబెట్టిన ఆటలన్నీ మీరు దానం చేసినవేనా?"

"అన్నీ కాదు. కొన్ని."

"నేనేదో నేర్చేసుకున్నానని మా అమ్మకి ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పుకున్నానండీ!" అంది. "మీరు జాలిపడితే అక్కడ వాళ్ళు కూడా పడతారా? రేపు నన్ను ఓడించడానికే ఆడండి. లేదంటే జన్మలో మీ మొహం చూడను."

"ఓడిస్తే మాత్రం చూస్తారా?"

"ముందు ఆడండి!"

మర్నాడు పొద్దున్నే వాన పట్టుకుంది. కిటికీ అద్దాల మీద దరువేస్తున్నా ఎవరూ అటు చూడలేదు. మాస్టారు ఆమె బంటుల్లో ఒకదాన్ని తీసి జేబులో వేసుకుని, ఆట గడియారం నొక్కి, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఆ రోజు శత్రువు నిజంగానే శత్రువయ్యాడు. పలకరింపు లేదు, నవ్వు లేదు. ఎటు కదిలినా దారి మూసేస్తున్నాడు. మధ్యాహ్నానికి ఆమె రాజు మూలకి చేరాడు. ఇక ఓడిపోయానని చెప్పి లేచిపోదామనుకుంటూ తలెత్తింది.

అతని నుదుటి నిండా చెమట. పెదవి కొరుక్కుంటున్నాడు, చూపు మాత్రం బోర్డు మీదనుంచి తిప్పడం లేదు. అడిగినందుకు ఎంత కష్టపడుతున్నాడో, పాపం అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఏమైతే అదవనీ, చివరిదాకా చూద్దామని కుర్చీ ముందుకి జరుపుకుంది.

ఏనుగుతో వెనకనుంచి చెక్ ఇచ్చింది. మళ్ళీ ఇచ్చింది. వదిలితే ఒట్టు! అతని బంటుల్ని ఒక్కొక్కటే తినేసింది, తనవీ పోయాయి. ఏనుగుకి ఏనుగు చెల్లయిపోయింది. ఆఖరికి అతనికి మిగిలిన ఒక్క బంటునీ ఆమె రాజు లాగేసుకున్నాడు. బోర్డు మీద ఇద్దరు రాజులు తప్ప ఇంకేం మిగల్లేదు.

"డ్రా!" మాస్టారు జేబులోంచి బంటు తీసి ఆమె అరచేతిలో పెట్టారు. "నాలుగో బోర్డు నీదేనమ్మా. సూట్‌కేసు సర్దుకో."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. గడియారం ఆపాలని ఎవరికీ తోచలేదు. అతని టైమ్ ఇంకా నడుస్తూనే ఉంది.

శత్రువు తన రాజుని తెచ్చి, సరిగ్గా ఆమె రాజు పక్క గడిలో పెట్టాడు. గడియారం నొక్కాడు.

"అదేంటి! రాజు పక్కన రాజుని పెట్టకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "తప్పు ఎత్తు."

"తెలుసు. తప్పు ఎత్తు వేస్తే ఎదుటివాళ్ళకి రెండు నిమిషాలు ఎక్కువిస్తారుగా." అతను తడబడ్డాడు. "తీసుకో. ఆలోచించుకుని చెప్పు. నిన్నటిదాకా చెయ్యి రానిది జాలితో కాదు. నువ్వంటే నాకు ఇష్టం."

మీరు కాస్తా నువ్వైపోవడం మాస్టారి చెవిన కూడా పడింది. గొంతు సవరించుకున్నారు. "ఒరేయ్, పోటీ అయ్యేదాకా ప్రాక్టీసులో ఒక్క ఎత్తు తగ్గి ఆడావంటే నిన్నిక్కడే వదిలేసి విమానం ఎక్కుతాం."

"నేను తగ్గనివ్వను మాస్టారూ," అంది ఆమె.

రెండు నిమిషాలు ఆమెకి అక్కర్లేకపోయాయి. చెయ్యి చాపి గడియారం ఆపేసింది. పక్కపక్కనే ఉన్న రాజుల్ని మాత్రం కదపలేదు.

"రేపు పొద్దున్నే వచ్చెయ్," అంది అతని కళ్ళలోకి చూస్తూ. "ఈసారి రెండు బంటులు తక్కువతో ఆడతాను. నాకోసం, నన్ను ఓడించడానికే ఆడు."