చక్రం మీద చేయి

ఇట్లా దగ్గరికి జరుగు తల్లీ, గాలికి మాట కొట్టుకుపోతుంది. పదిహేడో ఇసుక దిన్నెలో పచ్చిక ఎట్లా నిలిచిందో చెబుతాను, విను.

ఆ పొద్దు సుంకమ్మ మధ్యాహ్నపు తడికి ముందు పచ్చిక అంచున మోకాళ్ల మీద కూర్చుని, ఒక మూలను రెండు వేళ్లతో పట్టి లేపింది. చాపలాగా లేచివచ్చింది. వేర్లు బొటనవేలి గోరంత. గరిక నాటి అప్పటికి ఇరవై రోజులు. ముప్పయ్యో రోజున కొక్కెంబండి వస్తుంది, పచ్చికకు కొక్కెం తగిలించి లాగుతుంది. పట్టు నిలిస్తే ఇక ఇసుక గాలికి కదలదని ఆ దిన్నెకు ఊరని పేరు పడుతుంది. ఊడివస్తే నలభై ఇళ్లనూ మడతపెట్టి, మనుషులను సముద్రం వైపు కట్టిన ఇరుకు గూళ్లకు తోలుకుపోతారు. అంతకుముందు ఆరు దిన్నెలు అట్లాగే ఖాళీ అయ్యాయి. వాటిలో ఏ ఒక్కదానికీ నీరు తక్కువ కాలేదు, అది గుర్తుపెట్టుకో.

నీరు ఇచ్చేది తడికాపు అనే మర. గుంజకు బిగించిన గొంతు, మట్టిలో దించిన నూరు నాలుకలు, అంతే దాని ఒళ్లు. అన్ని దిన్నెల్లోనూ ఆ గొంతు ఒక్కటే. ఆకు కాస్త ముడుచుకుంటే దానికి తెలిసిపోతుంది. పగలు మూడు పూటలా గొట్టాలు విప్పి పైపైన చిలకరిస్తుంది. గొట్టాల రంధ్రాల్లో ఇసుక తీయడం, లేత గరిక మీద ఎవరూ అడుగు పెట్టకుండా చూడడం సుంకమ్మ పని.

ఆమె నాయన, దిన్నెలు రాకముందు, శనక్కాయ పండించినవాడు. మొలక వచ్చాక ఇరవై రోజులు, బోరులో నీళ్లున్నా సరే, మడికి వదిలేవాడు కాదు. నీళ్లు లేక బెట్టకు వదిలితేనే వేరు కిందికి దిగుతుందనేవాడు.

తడివేళ అయింది. సుంకమ్మ పోయి, గొట్టాలకు నీరు వదిలే నీటిచక్రం మీద చేయి పెట్టింది. మనిషి చేయి ఉండగా చక్రం తిప్పకూడదని తడికాపుకు కట్టడి. వెనక ఎవరివో వేళ్లు నలిగాయట.

"చేయి తీయండి. ఆకు ముడుచుకుంది," అంది తడికాపు.

"ముడుచుకోనీ," అంది సుంకమ్మ.

తడివేళ దాటేదాకా అట్లాగే నిలబడింది. ఇనుము ఎండకు కాలుతోంది. కొంగు చుడితే అది చేయి అనుకోదు, వట్టి చేయే పెట్టాలి. సాయంత్రమూ అంతే. అప్పుడు చూసింది పక్కింటి హుసేన్‌బీ.

"ఏం పని మే ఇది? పద్నాలుగో దిన్నె నుంచి గూళ్లకు, గూళ్ల నుంచి ఈడికి మూటగట్టుకొని వచ్చినదాన్ని. మళ్లా గట్టిస్తావా?"

"ఆడ మీ పచ్చికకు నీళ్లు తక్కువైనాయా?"

"మూడు పూటలూ పడినాయి."

"కొక్కేనికి ఎట్ల లేచె?"

హుసేన్‌బీ అరచేయి తిరగేసి చూపింది. "పరుపు మీద దుప్పటి లేచినట్ల," అంది.

మరునాడు మధ్యాహ్నం తనే వచ్చింది. "జరుగు. చేయి బొబ్బలెక్కె. సంగటి కెలికేదానికైనా మిగిలించుకో," అని తన చేయి పెట్టింది.

నాలుగు రోజులు ఇద్దరూ వంతులేసుకున్నారు. మూడో రోజుకే గరిక బూడిదరంగుకు తిరిగింది. దిన్నెలో జనం వాళ్లతో మాటలు మానేశారు. ఐదో రోజు పొద్దున సుంకమ్మ చేయి తీసి, ఆపిన తడులన్నీ ఒక్కసారే వదలమంది. అట్లా వదలకూడదని తడికాపుకు ఎవరూ చెప్పలేదు, వదిలింది. ఇనుప చువ్వ గుచ్చి చూస్తే జానెడు లోతున తడి తగిలింది. ఆ తర్వాత మళ్లీ చేతులు చక్రం మీదికి వెళ్లాయి.

ముప్పయ్యో రోజు బండి వచ్చింది. కొక్కెం తగిలించి లాగింది. తాడు బిగిసింది, బండి వెనక చక్రాలు నేల విడిచి లేచాయి. గరిక కదల్లేదు. హుసేన్‌బీ ఉన్నచోటనే కూలబడి, కట్టిపెట్టుకున్న మూట ముడి విప్పడం మొదలుపెట్టింది.

బండి పోయాక తడికాపు అడిగింది. "నీరు ఇవ్వనప్పుడు వేరు ఎందుకు దిగింది?"

"ఈడ దొరకకపోతే యాడుందో ఎతుక్కుంటాది," అంది సుంకమ్మ.

మరుసటి పొద్దున పద్దెనిమిదో దిన్నెలో తడివేళ అయింది. అక్కడ గరిక ఇంకా లేతది. తనంతట తాను నీరు ఆపడం తడికాపుకు చేతకాదు, ఇవ్వడం ఒక్కటే దానికి నేర్పారు. అక్కడి పచ్చిక కాపరిని పేరు పెట్టి పిలిచింది.

"వచ్చి చక్రం మీద చేయి పెట్టండి," అంది.

ఇది మరిచిపోకు తల్లీ. రేపు నీ పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పేటప్పుడు హుసేన్‌బీ పేరు విడిచిపెట్టకు. రెండో చేయి ఆమెది.