ఎడమవైపు తెర

నల్లమల ఘాట్‌రోడ్డు మలుపులో రాజశేఖర్‌ను కాల్చి చంపారు. ఇంటెలిజెన్స్‌లో కరుణాకర్‌కు ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు అతను. వారం తిరగకముందే అతని లాప్‌టాప్, ఇంకా కొన్ని వస్తువులు ఒక గోనెసంచిలో నంద్యాలలో కరుణాకర్ దగ్గరికి చేరాయి. ఆ వెనకే చీఫ్ ఫోన్ వచ్చింది.

2006 మే నెల, మిట్టమధ్యాహ్నం. నెట్ సెంటర్‌లో కరుణాకర్ కంప్యూటర్ మెకానిక్ వేషంలో ఉన్నాడు. వేషం ఎంత బాగా కుదిరిందంటే, పాపం, రోజూ నిజంగానే రిపేర్లు చేయాల్సి వస్తోంది. ఓనర్ మల్లికార్జునను అన్నానికి పంపేసి షట్టర్ సగం దించాడు.

"ఆళ్లగడ్డలో శిల్పాల యార్డ్," అన్నాడు చీఫ్. "కొత్త గుడికి విగ్రహాలు కాసేపట్లో లారీ ఎక్కుతాయి. ఒకదాని లోపల ఆర్డీఎక్స్. విదేశీ ముఠా పని."

"రెయిడ్ చేస్తే?"

"రిమోట్ ఉన్నవాడు యార్డ్‌లోనే ఉన్నాడు. ఖాకీ కనిపిస్తే నొక్కేస్తాడు. మనవాళ్లు హమాలీల వేషంలో లోపలున్నారు. ఏ విగ్రహమో, ఎవడో నువ్వు చెప్పు. రాజశేఖర్ మూడు కెమెరాలు పెట్టిపోయాడు. ఫొటోలు ఆ లాప్‌టాప్‌కే వస్తాయి."

ఫోన్ పెట్టేసేసరికి షట్టర్ కింద నుంచి పట్టుచీర, నల్లకళ్లద్దాలు, సెంటు వాసన కలిసి లోపలికి వచ్చాయి.

"ఈడ కలర్ ప్రింట్లు తీస్తారా?"

"ఎండకు రంగులు కారిపోతాండాయి."

కోడ్ సరిపోయింది. భ్రమరాంబిక. ముఠాకు విగ్రహాలు కొనిపెట్టే ఎక్స్‌పోర్టర్, లోపాయికారీగా మన ఏజెంట్. రాజశేఖర్ చివరిసారి మాట్లాడింది ఈమెతోనే. కరుణాకర్ చెయ్యి నడుం దగ్గరి పిస్టల్ మీదికి పోయింది.

"కాల్చాలంటే తర్వాత కాల్చన్నా," అని ఆమె అద్దాలు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. "మా నాయన శాంతయ్య ఆ యార్డ్‌లోనే ఉలి పట్టుకోని కూర్చోనుండాడు. వారం నుంచి నన్ను గడప తొక్కనీలేదు వాళ్లు."

కరుణాకర్ లాప్‌టాప్ తెరిచాడు. తెర మీద ఒక్క కెమెరా ఫొటోనే ఉంది, యార్డ్ మధ్యభాగం. మిగతా రెండు విండోలు ఓపెన్ అయి ఉన్నట్టు కింద పేర్లు కనిపిస్తున్నాయి, నొక్కితే మాత్రం ఏమీ లేదు. అవి ఇక్కడ లేని మానిటర్ల మీద తెరుచుకుంటున్నాయి. డిపార్ట్‌మెంట్ ప్రోగ్రాం మరి, ఏ తెర మీద పెట్టిన విండో ఆ తెర దాటి రాదు. 

గిరాకీలు కూర్చునే టేబుళ్ల మీది నుంచి రెండు బండ మానిటర్లు లాక్కొచ్చాడు. లాప్‌టాప్ వెనక ఒకదాని కేబుల్ పట్టే చోటే ఉంది. రెండోదానికి గోనెసంచిలో వెతికితే, పక్క స్లాట్‌లో దూర్చే వీడియో కార్డు దొరికింది. రెండూ కుడివైపు పెట్టి, సెట్టింగ్స్‌లో కూడా అలాగే పేర్చాడు. కుడి చివర లారీ కనబడింది. మూడోది రాలేదు.

"బిరీన కానీయన్నా!"

అప్పుడు గుర్తొచ్చింది. రాజశేఖర్ ఎడమచేతివాడు. ముఖ్యమైనదేదైనా ఎడమ పక్కనే పెట్టుకునేవాడు. కరుణాకర్ ఒక మానిటర్‌ను అటు జరిపి, సెట్టింగ్స్‌లో దాని బొమ్మనూ ఎడమకు లాగాడు.

తెర వెలిగింది. రాజశేఖర్!

కెమెరా బిగిస్తూ లెన్స్‌లోకి తొంగిచూస్తున్న ముఖం, చెంపన రాతిదుమ్ము, పెదవి మీద నవ్వు. అతను లాప్‌టాప్ మూసేముందు వచ్చింది, బతికి ఉండగా పడిన ఆఖరి ఫొటో.  కొత్త ఫొటో పైనుంచి గీత గీతగా దిగుతూ ముందు ఆ నుదురును, తర్వాత కళ్లను చెరిపేసింది. ఆపే బటన్ ఏదీ లేదు. నవ్వు పోయాక ఆ చోట ఒక విగ్రహాల వరస మిగిలింది.

భ్రమరాంబిక కెవ్వుమంది. "ఆ చివర వీరభద్రుడు కండ్లు తెరిచినాడు!"

"అయితే ఏంది?"

"మావోళ్లు ఎవరూ యార్డ్‌లో కనుపాపలు చెక్కి కండ్లు తెరవరన్నా. ప్రతిష్ఠ నాడు గుడిలో, అద్దం ఎదురుగా పెట్టి తెరుస్తారు. అది మా నాయన చెక్కింది కాదు. బయటోళ్లు తెచ్చి కలిపినారు."

మిగతా విగ్రహాలన్నీ కనుపాపలు లేకుండా నిలబడి ఉంటే, అదొక్కటే వాళ్లిద్దరినీ తేరిపార చూస్తోంది. దాని పాదాల దగ్గరే కూర్చున్న శాంతయ్య తలపాగా.

ఆమె కుడి తెర మీద వేలు పెట్టింది. "లారీ కాడ ఆ గడ్డమోడు. నాతో బేరమాడింది వాడే."

కరుణాకర్ చీఫ్‌కు ఫోన్ కలిపి అరిచాడు. "ఎడమ వరస చివరి వీరభద్రుడు! లారీ దగ్గర గడ్డంవాడు!"

ఫొటో మారింది. గడ్డంవాడి చెయ్యి జేబులో ఉంది.

తర్వాతి ఫొటో నత్తనడకన దిగుతోంది. ముందు లారీ పైకప్పు, తర్వాత తలపాగాలు, వాటి కింద భుజాలు. భ్రమరాంబిక "నాయనా, నాయనా" అంటూ తెరను రెండు చేతులా పట్టుకుంది. ఆఖరి గీతల్లో కనిపించింది ఒక మణికట్టు, దాన్ని వెనక్కి విరిచి పట్టుకున్న ముగ్గురు హమాలీలు, నేల మీద రిమోట్.

ఆమె కింద కూలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఘాట్‌రోడ్డులో పోవద్దన్నా, వాళ్లు కాపు కాసినారు అని రాజశేఖరన్నకు చెప్పినా. యినలే."

"వాడు ఎవరి మాటా వినడు," అని కరుణాకర్ పిస్టల్ మీద నుంచి చొక్కా కిందికి లాక్కున్నాడు.

మల్లికార్జున షట్టర్ ఎత్తి లోపలికొచ్చాడు. "ఏందన్నా, ఒక మిషన్‌కు మూడు తెరలా? గిరాకీ కాచుకోనుండాది, విప్పు."

కరుణాకర్ కుడిదాని కేబుల్ పీకి ఇచ్చేశాడు. ఎడమదాని మీదికి చెయ్యి పోలేదు.

"అది సాయంత్రం దాకా ఉండనీప్పా."

"ఏం, ఇంగా రిపేరీ కాలేదా?"

"దానికేం, బాగానే ఉంది. రిపేరీ నాకే."