క్వారీ మలుపులో మూలుగు

మూతపడ్డ కంకర క్వారీ పక్కన రోడ్డు ఒక్కసారిగా ఎడమకి తిరుగుతుంది. చీకటి పడ్డాక ఆ మలుపులో ఎవరో మూలుగుతారని చుట్టుపక్కల అందరూ చెప్పుకుంటారు. లారీవాళ్ళు అక్కడ హారన్ కొట్టి మరీ పోతారు. హారన్ వింటే దెయ్యం పక్కకి తప్పుకుంటుందని కాబోలు.

నిజానికి ఆ మలుపుకి ఈ చెడ్డపేరు తెచ్చింది మా బాబాయి జీపు. ఈ సంగతి బాబాయి మా ఇంట్లో నాకొక్కడికే చెప్పాడు, మీరూ ఎవరికీ చెప్పకండి.

ఆ జీపు వయసు అడగకూడదు. కిలోమీటర్లు చూపించే మీటరు చివరిదాకా వెళ్ళి, సున్నాకొచ్చి, మళ్ళీ సగందాకా పోయి, విసుగెత్తి ఆగిపోయింది. కొండమీది సెల్ టవర్లకి సామాను చేరవెయ్యడం బాబాయి పని. రోడ్డున్న చోటకంటే లేనిచోటే ఎక్కువ తిరిగిన బండి అది.

కింద బజార్లో పిన్నికీ వాళ్ళమ్మకీ బట్టలు కుట్టే కొట్టుండేది. సాయంత్రం కొట్టు కట్టేసి ఇద్దరూ జీపెక్కేవాళ్ళు. బాబాయి అత్తగారి చోటు వెనక సీట్లో ఎడంపక్క. గుంత వస్తే "మ్మ్... మ్మో... మెల్లగా పోనివ్వు నాయనా" అని మూలిగేది. గుంత లేకపోయినా ముందుజాగ్రత్తగా మూలిగేది.

ఓ సాయంత్రం ఆ మలుపులోనే పిన్నికి చిర్రెత్తుకొచ్చింది. "కాసేపు నోరు మూసుకోవే అమ్మా" అంది. ముసలావిడ మూసుకుంది. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంది. తెల్లారి చూస్తే లేదు... నిద్రలోనే పోయింది.

ఆ తర్వాత పిన్ని మాట్లాడ్డం మానేసింది. సూదిలో దారం ఉందో లేదో చూసుకోకుండా మిషను తొక్కేది. కంచం ముందు కూర్చుని, మెతుకులు అటూ ఇటూ జరిపి లేచిపోయేది. బాబాయికి దెయ్యాలంటే లెక్కలేదు గానీ, ఆ మౌనం చూస్తే మాత్రం ప్రాణం పోయేది.

అలా కొన్నాళ్ళు గడిచాక — ఒకరోజు బాగా చీకటి పడ్డాక — మలుపులో ఎడం చక్రం గుంతలో దిగింది. వెనకనుంచి...

"మ్మ్... మ్మో..."

పిన్ని ఉలిక్కిపడి నిటారుగా కూర్చుంది. "అమ్మ" అంది, ఊపిరి తీసినంత మెల్లగా. ఆ రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకుని తింది.

ఇక రోజూ అదే వరస. మలుపు రాగానే పిన్ని కళ్ళు మూసుకునేది. మూలుగు వినబడగానే మొహం తేటపడేది. "అమ్మకి కోపం పోయిందండీ" అని ఒకసారి పైకే చెప్పింది.

బాబాయికి అసలు సంగతి తెలుసు. బండి కుదుపులు కాచే కమాను కట్ట చివర ఉండే రబ్బరు బుష్షు అరిగి, ఇనుమూ ఇనుమూ రాసుకుంటోంది. మలుపులో బండి మెలితిరిగినప్పుడల్లా అది మూలుగుతోంది. అయినా కిక్కురుమనలేదు. పెళ్ళాం అన్నం తింటుంటే బుష్షుల గురించి మాట్లాడే మగాడెవడు?

అయితే అరుగుదలకి ఈ సెంటిమెంట్లు తెలీవు కదా. ఓ మధ్యాహ్నం బ్యాటరీల లోడుతో వెళ్తుంటే అదే మలుపులో బండి స్టీరింగు మాట వినకుండా క్వారీ గొయ్యి వైపు లాగింది. బాబాయి చెమటలు కక్కుకుంటూ తిన్నగా మెకానిక్ దగ్గరకి పోయాడు.

మెకానిక్ కిందకి దూరి లైటేసి చూశాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక నెమ్మదిగా చెప్పాడు. "కమాన్లో మెయిన్ పట్టీ చిట్లింది అన్నా. ఇంకొన్నాళ్ళు ఇలాగే తిప్పితే మీ అత్తగారి దగ్గరికి నువ్వే వెళ్తావు. వదిన్ని కూడా తీసుకుని."

ఆ చివరి మాట బాబాయికి సూటిగా తగిలింది. కమానులు, షాకులు, బుష్షులు అన్నీ మార్చెయ్యమన్నాడు. అంతలోనే గొంతు తగ్గించి, వెనక ఎడంపక్క బుష్షు మాత్రం పాతదే ఉంచగలవా అని అడిగాడు. మెకానిక్ ఎగాదిగా చూశాడు. ఇక దాచలేక బాబాయి కథంతా చెప్పుకున్నాడు.

పాత బుష్షు తియ్యగానే పొడిపొడిగా రాలిపోయింది. పోనీ కొత్తదైనా బండి జాకీల మీద ఉన్నప్పుడే బోల్టులు బిగించెయ్యమని బాబాయి బతిమాలాడు. అలా బిగిస్తే, బండి కిందకి దిగినప్పుడు రబ్బరు మెలిపడి నాలుగు రోజులకే చిరుగుతుంది, మళ్ళీ మూలుగు మొదలవుతుంది. ప్రపంచంలో పని చెడగొట్టమని మెకానిక్ కాళ్ళమీద పడ్డ డ్రైవరు మా బాబాయి ఒక్కడే అయ్యుంటాడు.

"నా చేత్తో నేను చెడగొట్టను" అన్నాడు మెకానిక్. "మూలుగే కావాలంటే నువ్వే మూలుగు."

అన్నట్టే బండిని నేలమీదకి దించి, వెనక ఇసక బస్తాలు వేసి, బరువు మీద ఒక్కో బోల్టూ బిగించాడు. బాబాయి ఒంటరిగా ఆ మలుపుకి వెళ్ళి, వచ్చి, మళ్ళీ వెళ్ళి చూశాడు. చప్పుడు లేదు. జీపు ఉయ్యాలలా పోయింది. అంత సుఖంగా పోతున్న బండిలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఇక మెకానిక్ సలహాయే దిక్కయింది. స్నానాలగదిలో తలుపేసుకుని అత్తగారి మూలుగు సాధన చేశాడు. బతికున్నప్పుడు ఆ గొంతు వింటే చెవులు మూసుకునేవాడు, ఇప్పుడు అదే రాగం పట్టుకోడానికి నానా తంటాలు పడ్డాడు. పక్కింటాయన పాపం, కడుపునొప్పి మాత్రలు తెచ్చిచ్చాడు.

మర్నాడు సాయంత్రం కొట్టు దగ్గర పిన్ని ఎక్కింది. ఎప్పట్లాగే వెనక సీట్లో కుడిపక్క. ఎడంపక్క వాళ్ళమ్మ చోటు ఖాళీ... అక్కడ చేతిసంచి కూడా పెట్టదు. బండి మెత్తగా పోతున్నా పిన్ని ఏమీ అడగలేదు. బాబాయి బ్రేకులు బాగుచేయించానని ఓ అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాడు.

ముందు క్వారీ గోడ కనబడింది. హెడ్‌లైట్లు మలుపు మీద పడ్డాయి. మళ్ళీ ఆ మౌనం ఇంట్లోకొస్తే ఏం చెయ్యాలి అనుకున్నాడు బాబాయి. ఎడం చక్రం గుంత అంచుకి చేరింది. ఆయన గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టాడు...

"మ్మ్... మ్మో..."

ఈసారి కాస్త పొడుగ్గా, తీరిగ్గా వినబడింది.

పిన్ని నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్విన నవ్వు. ముందుకి వంగి బాబాయి భుజం మీద చెయ్యేసింది.

"అది రబ్బరని నాకెప్పుడో తెలుసండీ" అంది గుసగుసగా. "డ్రైవరు పెళ్ళాన్ని, ఆమాత్రం తెలీదా? అయినా వినాలనిపించేది. బండి బాగుచేయించారని ఎక్కగానే తెలిసింది. ఇంక అమ్మ గొంతు వినబడదని ఏడుపు ఆపుకుంటూ కూర్చున్నా. నాకోసం ఎంత బాగా మూలిగారు..."

ఆమె ఖాళీ సీటు వైపు చూసింది.

"అవునూ... ముందు కూర్చుని, ఈ సీట్లోంచి వచ్చినట్టు ఎలా మూలిగారు?"

మూలగడానికని బిగబట్టిన ఊపిరి బాబాయి ఇంకా వదల్లేదు.