మూరెడు చూపు

గడ్డం యంత్రానికి ఆనించి కూర్చున్నాడు ఓదెలాచారి. ఎదురుగా చిన్న పట్టాల మీద వెండితీగ ముక్క ముందుకు జరుగుతోంది. మూరెడు దూరంలో తీగ కనిపించింది గానీ మెలికలు తెలియలేదు. జానెడు దగ్గరికి రాగానే తీగే పొగైపోయింది. డాక్టర్ నిశాత్ మూడుసార్లు జరిపి చూసింది. మూడుసార్లూ పొగే.

పుట్టుకతో వచ్చిన కంటి లెన్స్ దగ్గరకీ దూరానికీ తనంతట తనే సర్దుకుంటుంది. శుక్లం తీసి పెట్టే మామూలు లెన్స్‌కి ఆ సత్తా లేదు. ఓదెలాచారి కంట్లో పెట్టిన ఈ కొత్త లెన్స్‌కి ఉంది, కానీ ఒక హద్దు లోపలే. ఆ హద్దును కంటికి మరీ దగ్గరగా జరిపితే దూరపు చూపు మసకేస్తుంది. అందుకే మనిషిని అడిగి, హద్దు పెట్టి, కిరణంతో ముద్ర వేస్తారు. ముద్ర పడ్డాక మార్చడం కుదరదు. కళ్ళద్దాలు పెట్టినా, లెన్స్ వాటిని తన లోపమనుకుని ఆ మేరకు వెనక్కి సర్దుకుంటుంది.

అడగవలసిన రోజున అడిగినవాడు ఒక ఆస్పత్రి గుమాస్తా. వాడి పేరు ఇక్కడ రాయడం కూడా దండగ. ఓదెలాచారి ఫారం మీద పేరొక్కటీ కూడబలుక్కుంటూ రాస్తుంటే పక్కవాడికి కన్ను గీటి నవ్వాడు. తర్వాత, దగ్గర చూపు దేనికి కావాలని అడిగాడు.

"పేపర్ సదవనీకి. రోజు సదువుత," అన్నాడు ఓదెలాచారి. అలా హద్దు పేపర్ పట్టుకునే మూరెడు దూరంలో పడింది.

యాభై రెండేళ్ళుగా కరీంనగర్‌లో వెండితీగతో అత్తరుదానులు అల్లిన మనిషి. పేపర్ కనబడే కంటికి తీగ కనబడదా అనుకున్నాడు. సగం అల్లిన నెమలి ఇంట్లో బల్ల మీద పడుంది. రెండు వారాలుగా టంకం తీగ మీద పడక బల్ల మీద పడుతోంది.

లెన్స్ తాను చూసిందంతా గుర్తు పెట్టుకుంటుంది. నిశాత్ ఆ లెక్కను తెర మీద తెరిచింది. పేపర్ చదివిన సమయం: సున్నా. జానెడు దూరంలో వెతికి ఓడిన సమయం: అరవై గంటలు. పేపర్ అసలు చదవలేదా అని ఆమె అడిగింది.

"నాకు అచ్చరం రాదు బిడ్డా," అన్నాడాయన. అంతవరకూ ఎవరితోనూ అనని మాట అది. "గా పోరడు నవ్విండని అట్ల చెప్పిన. ఇప్పుడు జానెడుకు దించు."

ముద్ర పడిపోయిందని, లెన్స్ తీస్తే ఉన్న చూపూ పోవచ్చని ఆమె నెమ్మదిగా చెప్పింది. చేతులు చాపి మూరెడు దూరంలో అల్లలేరా అని అడిగింది.

"మోచేతులు బల్లకు ఆనకపోతే చేతి ఏళ్ళు వణుకుతయమ్మా."

యంత్రం ఒక కాగితం బయటికి తోసింది. మూరెడు దూరంలో ఉంది. ఒక్కో అక్షరం నల్లగా, చెక్కినట్టు కనబడింది ఆయనకి.

"ఏం రాసిండ్రు అండ్ల?"

ఆమె కాగితం అందుకుని చదివింది.

"రోగి కోరిన చూపు పూర్తిగా వచ్చింది, అని."