వంటింటి ఫోను

అక్షరాలు నాకు యాభై రెండో ఏట వచ్చాయి. మా ఆయనే నేర్పారు. ఉద్యోగం మానేశాక రోజూ మధ్యాహ్నం మూడింటికి ముందుగదిలో కూర్చోబెట్టి, ఓపిగ్గా దిద్దించేవారు. ఆ గంట నాది. ఇంకెవరికీ అందులో వాటా లేదు.

అంతలో కంప్యూటరొచ్చింది. అందులో లైనక్స్ అని ఏదో పెట్టుకున్నారు. ఫోను తీగతో ఇంటర్నెట్టుకి కలపాలట. మోడెం అనే చిన్న డబ్బా తనంతట తానే నంబరు తిప్పేది, కీచుమనేది, గరగరలాడేది, అప్పుడు కలిసేది. నా గంట దాని పాలైంది.

నాకు ముందు ఆయనకో భార్య ఉండేది. చదువుకున్నది. టెలిఫోను ఎక్స్ఛేంజీలో పని. పెళ్లయిన ఆరేళ్లకే పోయింది. మోడెం కీచుమన్నప్పుడల్లా ఆయన ముఖం వెలిగేది.

"ఆవిడ పనిచేసే గదిలో అచ్చం ఇలాంటి చప్పుళ్లే, తెలుసా?" అన్నారొకసారి.

బతికున్న సవతితోనైతే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు. పోయినదానితో ఏం పోట్లాడను?

అందుకని ఓ పాడుపని చేశాను. అదే లైనుకి వంటింట్లో ఇంకో ఫోనుంది. మోడెం కూయగానే రిసీవరు మెల్లగా ఎత్తేదాన్ని. అంతే, తెగిపోయేది.

"మళ్లీ పోయిందోయ్!"

"అయ్యో పాపం! దిష్టి తగిలిందేమో," అనేదాన్ని, ఏమీ ఎరగనట్టు.

ఆయన లాగ్ ఫైలు తెరిచేవారు. 'నో క్యారియర్' అని ఉండేదట, అంటే లైను తెగిందని. పోర్టు మార్చారు. వేగం తగ్గించారు. మోడెంకి పని చెప్పే స్క్రిప్టంతా వరసవరసా మళ్లీ రాశారు. తొమ్మిది రోజులు. జాలేసేది గానీ, నా చెయ్యి ఆగేది కాదు.

పదో రోజు ముసురు. ఇల్లంతా తడిగోడల వాసన. మోడెం కూసింది. రిసీవరు ఎత్తాను.

కీచు లేదు... గరగర లేదు... ఎవరో ఊపిరి తీస్తున్నారు.

"పెట్టెయ్యమ్మా," అంది ఓ ఆడగొంతు, గుసగుసగా, ఎంతో మర్యాదగా. "మేం మాట్లాడుకుంటున్నాం."

పెట్టేశాను. ముందుగదిలో ఆయన నవ్వుతున్నారు... నా దగ్గర ఏనాడూ నవ్వని నవ్వు. భయం సంగతి తర్వాత, ముందు ఒళ్లు మండింది. ఫోను తీగ వంటింటి కిటికీ మీంచే ముందుగదికి వెళ్తుంది. కత్తి తీసుకుని పుటుక్కున కోసేశాను.

నవ్వు ఆగలేదు.

తడబడుతూ ముందుగదిలోకి వెళ్లాను. మోడెం మీద పచ్చదీపాలు గబగబా ఆడుతున్నాయి.

"ఏమండీ... తీగ కోసేశానండీ... ఇన్నాళ్లూ నేనే..."

ఆయన తల తిప్పారు. నన్ను పైనుంచి కిందికి చూశారు. లేచి నిలబడ్డారు, కొత్తవాళ్లు వస్తే నిలబడ్డట్టు.

"మీకెవరు కావాలండీ?"

నేనిప్పుడే వచ్చిన వంటింట్లోంచి ఫోనులో విన్న ఆ ఆడగొంతే కేకేసింది.

"ఎవరండీ వచ్చిందీ?"