నల్లబెల్లం, నీలం మగ్గు

"1935లో బెల్లం ఇంత పచ్చగా ఉండీదాండీ?"

షాట్‌కి అంతా సర్దాక వెనకనుంచి వినబడింది ఆ మాట. తిరిగి చూస్తే గొడుగు పట్టుకుని ఒక అమ్మాయి. పాతికేళ్లు కూడా ఉండవు.

"అనకాపల్లి బెల్లమేనండీ. పొద్దున్నే మార్కెట్ నుంచి తెచ్చాను."

"అదే చెప్తన్నాను. రంగు రావడానికి ఇప్పుడు మందేసి వండుతన్నారు. మా తాతయ్య కాలంలో మందెక్కడిది? నల్లగా ఉండీది."

"ఇంతకీ మీరెవరు?"

"నూకరత్నం. ఈ బెల్లం పాక మాదే. మీ సీరియల్‌కి వారం వారం ఉత్తరాలు రాత్తాను."

చేతిలో ఉన్న బెల్లం దిమ్మ కింద పెట్టేశాను.

నా పేరు నానాజీ. పాయకరావుపేట మాది. హైదరాబాదులో మూడేళ్లు టీ గ్లాసులు మోశాక ఒక టీవీ సీరియల్‌లో ఆర్ట్ అసిస్టెంట్ అయ్యాను. కథ జరిగేది 1935లో. ఆ కాలంలో లేని వస్తువేదీ తెర మీద కనబడకుండా చూడడమే నా పని. కనబడిందా, సోమవారానికల్లా డైరెక్టర్‌గారికి ఈవిడ ఉత్తరం. గోడ మీద కరెంటు మీటరు, హీరోయిన్ జాకెట్టుకి జిప్పు, ఏదీ వదల్లేదు. "ఇంకొక్క ఉత్తరం వచ్చిందంటే నువ్వు ఇంటికే" అని ఆయన తేల్చి చెప్పేశారు. రాసేది ఎవరో రిటైరైన టీచరమ్మ అనుకుని ఆవిణ్ణి తిట్టని రోజు లేదు.

"నా ఉజ్జోగం తీయించడానికే పుట్టేరా మీరు?" అన్నాను.

"నిజంగా తీసేత్తారా?" అంది గొంతు తగ్గించి.

"తీసేత్తారు."

గొడుగు ముడిచి పాకలోకి నడిచింది. "నాన్నా, ఈ పెనంలో మందెయ్యకు."

పొయ్యి దగ్గర వాళ్ల నాన్న సత్తియ్యగారు తలెత్తారు. "నల్లది ఎవడు కొంతాడే?"

"అమ్మడానికి కాదు. టీవీలోకి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి మంట పెంచారు. రసం ఉడకడానికి మూడు గంటలు. డైరెక్టర్‌గారు విసుక్కుంటూ భోజనానికి వెళ్లారు. ఇంతలో నవంబరు వాన పట్టుకుంది. ఇద్దరం చూరు కింద నిలబడ్డాం. ఆమె జడ మీద పడుతున్న చినుకులు లెక్కపెడుతూ దొరికిపోయాను.

"మా సీరియల్ మీకు నచ్చదు కదా, ఎందుకు చూత్తారు?" అన్నాను.

"నచ్చకపోతే అంత శ్రద్ధగా చూత్తానా?" అని వానవైపు తిరిగింది.

ఆ ఎపిసోడ్ టీవీలో వచ్చింది. సోమవారం ఉత్తరం రాలేదు. డైరెక్టర్‌గారు భుజం తట్టారు. ఉద్యోగం నిలిచింది. నాకు మాత్రం అన్నం సహించలేదు. పై సోమవారమూ లేదు, ఆ పై సోమవారమూ లేదు. నేనే నాలుగు ఉత్తరాలు రాశాను, నాలుగూ చించేశాను. తప్పులు లేకపోతే ఆ అమ్మాయి నాకెందుకు రాస్తుంది?

నాలుగో వారం బావి దగ్గర సీను. గట్టు మీద, సరిగ్గా కెమెరా ముందు, ఒక నీలం ప్లాస్టిక్ మగ్గు పెట్టాను. ఎవరూ గమనించలేదు. ఎపిసోడ్ అలాగే టీవీలో వచ్చేసింది.

సోమవారం ఉత్తరం వచ్చింది. డైరెక్టర్‌గారికి కాదు, నా పేరు మీద.

"నానాజీ గారూ, అంత పెద్ద మగ్గు మీ కంట పడకపోవడం ఉండదు. కావాలనే పెట్టారు. ఉద్యోగం పోతే ఏం తింటారు? ఇంకెప్పుడూ ఇలా చేయకండి. డైరెక్టర్‌గారికి నేను రాయలేదు, రాయను కూడా. కానీ మా నాన్న చూసేశాడు. 'ఆ కుర్రాడికి ఏటైందే?' అని అడిగాడు. తెలిసినా నేను చెప్పలేదు. ఆదివారం వచ్చి మీరే చెప్పండి."

రెండు రోజులు సెలవు అడిగాను. ఎందుకన్నారు డైరెక్టర్‌గారు.

"పెళ్లిచూపులండీ."

"అమ్మాయి ఎలా ఉంటుందో ముందు బాగా చూసుకో."

"చూసేది ఆమేనండీ," అన్నాను. "తప్పులుంటే అక్కడే చెప్పేస్తుంది."